కోణంగి మాట

ఆ పెళ్లిలో తౌసియా గొంతు విన్నప్పుడు మల్హాహా ఊరి జనమంతా వెనక్కి తిరిగి చూశారు. మాట్లాడింది ఇంకెవరో అనుకున్నారు. యాభై దాటిన మనిషి, పుట్టింది మొదలు రొటుమా దీవి విడిచి వెళ్లని మనిషి, ఆమె గొంతు ఎలా ఉంటుందో ఊళ్లో సగం మందికి తెలియదంటే నమ్మడం కష్టమే. కానీ ఆమెకు సరోతే ఉంది మరి.

సరోతే, తౌసియా కవలలు. ఒకే ముఖం, ఒకే ఎత్తు, నవ్వితే ఎడమ బుగ్గ మీద ఒకేలాంటి సొట్ట. ఎవరు ఎవరో పోల్చుకోవడానికి ఊరివాళ్లకు ఒకటే గుర్తు. మాట్లాడుతుంటే సరోతే, పక్కన నిలబడి ఉంటే తౌసియా. సరోతే కాస్త ముందు పుట్టింది. ఆ కాస్త చాలు, అక్క అయిపోయింది.

చిన్నప్పుడు పిల్లల ఆదివారం నాడు చర్చిలో తౌసియా వాక్యం అప్పజెప్పాల్సి వచ్చింది. కోళ్ల ముందు, సముద్రం ఒడ్డున రాళ్ల ముందు గడగడా చెప్పిన వాక్యమే. తెల్ల గౌను వేసుకుని అందరి ముందు నిలబడేసరికి ఒక్క ముక్క రాలేదు. నోరు తెరుచుకునే ఉంది, మాట లేదు. వెనక వరసలో ఎవరో నవ్వారు. అప్పుడు సరోతే లేచి వెళ్లి, చెల్లెలి చెయ్యి పట్టుకుని, ఆ వాక్యమంతా తనే చెప్పేసింది. చర్చి మురిసిపోయింది. తౌసియా ఆ సాయంత్రం దాకా అక్క చెయ్యి వదల్లేదు.

ఆ తర్వాత సరోతే ఆ చెయ్యి వదల్లేదు. బళ్లో టీచరు తౌసియాను ప్రశ్న అడిగితే జవాబు సరోతే చెప్పేది. కొట్లో గుడ్డ ఏ రంగు కావాలో సరోతే చెప్పేది. జుజు ఊరి వైపు నుంచి పడవలు బాగుచేసే అతనొకడు తౌసియాను చేసుకుంటానని వస్తే, "దానికి ఇష్టం లేదు నాయనా" అని సరోతే గుమ్మంలోంచే పంపించేసింది. తౌసియా తెర వెనకే ఉంది. తనకు ఇష్టమో కాదో అప్పటికింకా ఆలోచించుకోలేదు. ఆలోచించుకునేలోపు అతను బాట మలుపు తిరిగిపోయాడు. సరోతే పెళ్లి చేసుకుంది, పిల్లల్ని కన్నది, మొగుణ్ణి సమాధికి సాగనంపింది. తౌసియా అదే ఇంట్లో ఆ పిల్లల్ని ఎత్తుకుంది.

రొటుమాలో కోణంగి లేని పెళ్లి పెళ్లి కాదు. ఆడపెళ్లివారు ఒక పెద్దామెను పిలిచి చేతికి కర్ర ఇస్తారు. ఆ కర్ర ఉన్నంతసేపూ పందిట్లో రాజ్యం ఆమెది. ఎండలో నిలబడమంటే నిలబడాలి, కప్పలా గెంతమంటే గెంతాలి. జిల్లా పెద్దయినా, పాస్టరుగారయినా తప్పదు. కాదన్నారంటే పెళ్లికే చెరుపు. దీవి మొత్తం మీద పేరున్న కోణంగి సరోతే. ఆమె వస్తోందంటే అవతలి ఊళ్లవాళ్లు కూడా పని మానుకుని వచ్చేవారు.

చాపలు అల్లేచోట తౌసియా తల ఎత్తకుండా నోట్లో నోట్లోనే గొణుగుతుండేది. పాస్టరుగారి తుమ్ము ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతుందో, సువా పట్నం నుంచి సరుకుల పడవ వచ్చిన రోజున కొట్టు యజమాని నడక ఎలా మారుతుందో. సరోతే పొట్ట పట్టుకుని నవ్వేది. మర్నాడు పెళ్లిలో అదే చేసి అందర్నీ నవ్వించేది. తౌసియా వెనకాల, చాపల కట్టను కర్రలతో బాదుతూ పాడే ముసలివాళ్ల మధ్య కూర్చునేది. సరోతే ఆడుతూ ఆడుతూ అక్కడికొచ్చి వంగేది. తాళం అందుకోవడానికని జనం అనుకునేవారు. వంగినప్పుడల్లా తౌసియా పెదవులు కదిలేవి.

జనం విరగబడి నవ్వుతుంటే తౌసియాకు ఒళ్లంతా వెచ్చగా అయ్యేది. ఆ మాటలు తనవని ఎవరికీ చెప్పలేదు. ఎవరడిగారు గనక?

అడిగిన మనిషి ఒక్క ఆకత ముసలమ్మ. మనవరాలు లావేనియా పెళ్లికి కోణంగిని పిలవడానికి, పిలుపుతో పాటు మర్యాదగా ఇచ్చే కావా దుంపలు పట్టుకుని వచ్చి గుమ్మంలో కూర్చుంది. ఆకత చాపలు అల్లేచోట తౌసియా పక్కనే కూర్చునేది. చెవులు మందగించాయని అందరూ అనుకునేవారు గానీ, వినదలుచుకున్నది ఆమెకు బాగానే వినిపించేది.

"తౌసియాను అడగడానికొచ్చానే" అంది ఆకత.

"వస్తాలే పెద్దమ్మా" అంది సరోతే. "పేరు తారుమారు చేశావు. పోనీలే, ముఖం ఒకటే కదా."

"తారుమారేం లేదు. తౌసియా అన్నాను."

సరోతే నవ్వింది. "దానికి చర్చిలోనే నోరు పెగల్లేదు. పందిట్లో పెగులుతుందా? నీ మనవరాలి పెళ్లి నవ్వులపాలు కావాలనుందా?"

"నవ్వులపాలు కావాలనేగా కోణంగిని పిలిచేది." ఆకత లోపలికి తొంగి చూసింది. తౌసియా కొబ్బరి తురుముతూ ఉంది. "ఏమే, నువ్వేమంటావు?"

"అదేమంటుంది" అంది సరోతే.

తౌసియా చేతిలో చిప్ప ఆగింది. తన పేరు పెట్టి ఒక మనిషి ఒక పనికి పిలవడం ఆమెకు అదే మొదలు. ఇప్పుడు మాట్లాడకపోతే ఇంకెవరూ రారని కూడా తెలుసు. అయినా తల వంచుకుని మళ్లీ తురమసాగింది. ఆకత కాసేపు చూసి, మోకాళ్లు పట్టుకుని లేచి వెళ్లిపోయింది. కావా దుంపలు మాత్రం తిరిగి తీసుకెళ్లలేదు.

పెళ్లినాడు సరోతే మగవాళ్ల టోపీ పెట్టుకుని, మెడలో పూలదండ వేసుకుని, బుగ్గలకు పసుపు పూసుకుని బయల్దేరింది. పందిట్లో ఓయినాఫా ఊరి నుంచి వచ్చిన మగపెళ్లివారు నీడలో కుర్చీలు ఆక్రమించి ఉన్నారు. సరోతేను చూడగానే ముందే నవ్వడం మొదలుపెట్టారు. ఆకత ఇంట్లోంచి కర్ర పట్టుకుని వచ్చింది. సరోతే చెయ్యి చాచింది. ఆకత ఆ చెయ్యిని దాటి, చాపల కట్ట దగ్గరికి నడిచి, కర్రను తౌసియా ఒళ్లో పెట్టింది.

పాట ఆగిపోయింది.

"ముసలమ్మకు చూపు కూడా ఆనడం లేదు" అంటూ సరోతే దగ్గరికొచ్చి కర్ర మీద చెయ్యి వేసింది. గొంతు తగ్గించి, "ఇటివ్వు. అందరూ చూస్తున్నారు. నీవల్ల కాదు" అంది.

తౌసియా కర్ర వదల్లేదు. వదలకూడదని ఆమె అనుకోలేదు. వేళ్లే బిగుసుకుపోయాయి. ఆ వేళ్లను చూసి ఆమెకే ఆశ్చర్యమేసింది.

"కూర్చో" అంది.

జనం వెనక్కి తిరిగి చూసింది అప్పుడే.

"ఎండలో కూర్చో" అంది తౌసియా.

సరోతే ముఖం పాలిపోయింది. సాయం కోసం చూస్తున్నట్టు జిల్లా పెద్ద ఫువాతా వైపు చూసింది. ఆయన గడ్డం గోక్కున్నాడు.

"నావైపు చూస్తావేమమ్మా? కిందటి పెళ్లిలో నా చేత కప్ప గెంతులు వేయించలేదూ? నా మోకాళ్లు ఇంకా నొప్పే. కర్ర ఆమె చేతిలో ఉంది. కూర్చో."

సరోతే కూర్చుంది. ఎవరూ నవ్వలేదు. సరోతేను కూర్చోబెట్టిన మనిషిని వాళ్లెప్పుడూ చూడలేదు.

తౌసియా లేచి నడిమధ్యకి వచ్చింది. అక్కడికొచ్చాక చెప్పడానికి ఏమీ తోచలేదు. తెల్ల గౌను నాటి చర్చి మళ్లీ వచ్చి ఎదురుగా నిలబడినట్టయింది. కుర్చీల్లో ఉన్న పెళ్లికొడుకు మేనమామ, భారీ మనిషి, మెల్లగా ఆవలించాడు. ఆవలింత సగంలో ఉండగా తౌసియా కూడా ఆవలించింది. అచ్చం అలాగే, పొట్ట ముందు లేచి, దవడ తర్వాత జారి, చివర్న చెయ్యి నోటికి బదులు చెవి దగ్గరికి వెళ్లడంతో సహా. పక్కనున్న ఆడవాళ్లు కిసుక్కుమన్నారు.

"లే మామా" అంది తౌసియా. "మీ ఓయినాఫా వాళ్లంతా లేవండి. పిల్లనడగడానికి వచ్చిన రోజున మా చేమదుంపలన్నీ తిని, పిల్లను అడగడం మర్చిపోయి పడవెక్కారు. సగం దారిలో గుర్తొచ్చి వెనక్కొచ్చారు. మళ్లీ తిన్నారు. ఇప్పుడు రెండు భోజనాలూ అరిగేదాకా ఆడండి."

"అది మేం కాదత్తా, మా అన్న" అన్నాడొకడు.

"మీ అన్న తిన్నది కూడా నువ్వే అరిగించు. నీకు పొట్టలో చోటుంది."

ఇక నవ్వు ఆగలేదు. మేనమామ లేచి ఆడాడు. తౌసియా పాస్టరుగారిని మోకాళ్ల మీద కూర్చోబెట్టి, "ఆదివారాలు మేం ఎంతసేపు ఇలా ఉంటామో తెలియాలిగా మీకు" అంది. ఆయన తుమ్మబోయారు. రాబోయే తుమ్మును తౌసియా ముందే తుమ్మేసింది. జనం ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వారు, నవ్వుతూనే ముఖాలు చూసుకున్నారు. ఆ తుమ్ము వాళ్లకు కొత్తది కాదు.

"ఇవి సరోతే మాటల్లా ఉన్నాయే" అన్నాడు చాపల కట్ట దగ్గర ఒక ముసలాయన.

"కాదు. సరోతే మాటలే వీటిలా ఉండేవి" అంది ఆకత.

ఆ మాట ఒక నోటి నుంచి ఇంకో నోటికి పాకుతూ పందిరంతా తిరిగింది.

మగపెళ్లివారిలో ఒక కుర్రాడికి సరదా పుట్టింది. "ఆ ఎండలో ఉన్న కోణంగిని కూడా లేపండత్తా. ఇద్దరూ పోటీ పడండి. ఎవరు గొప్పో తేలిపోతుంది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తౌసియా ఏమీ అనకముందే సరోతే లేచింది. దుమ్ము దులుపుకుంది, టోపీ సర్దుకుంది, ముందుకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ఆ నిలబడటానికే కొందరు నవ్వారు.

సరోతే నోరు తెరిచింది. తెరిచి, అలవాటుగా చాపల కట్ట వైపు చూసింది.

అక్కడ తౌసియా కూర్చునే చోటు ఖాళీగా ఉంది.

జనం ఎదురుచూశారు. సరోతే మళ్లీ అటే చూసింది. ఈసారి జనం కూడా ఆమె చూపు పట్టుకుని అటు చూశారు. నవ్వులు ఒక్కొక్కటిగా ఆరిపోయాయి. ఎవరో పిల్లదాన్ని ఊరుకోబెట్టారు. సరోతే నోట మాట రాలేదు.

అక్కకు మాట రాకపోవడం తౌసియా ఊహలో కూడా లేదు. మాటలు తనవైనా నోరు అక్కదని, ఆ నోరు ఎక్కడైనా బతుకుతుందని అనుకుంది. తన ముఖమే ఎదురుగా నిలబడి, నోరు తెరుచుకుని, నీళ్లు నిండిన కళ్లతో తననే చూస్తోంది. ఇంకొక్క క్షణం ఊరుకుంటే చాలు. ఇన్నేళ్ల లెక్క తేలిపోతుంది, దీవి అంతా చెప్పుకుంటుంది. ఆ క్షణం తౌసియాకు తియ్యగానే ఉంది. ఆ తియ్యదనానికి ఆమె భయపడింది.

కర్ర ఎత్తి నేల మీద కొట్టింది.

"సరోతే. పొద్దుగూకేదాకా నువ్వు నోరు మెదపకూడదు. ఇది కోణంగి మాట."

పందిరి కూలుతుందేమో అన్నంత నవ్వు. "అదీ మాటంటే. సరోతేకా, పొద్దుగూకేదాకానా? చచ్చిపోతుంది" అని ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. తెరుచుకున్న నోటిని కోణంగే మూయించిందని అందరూ అనుకున్నారు. అందరూ అంటే, ఆకత తప్ప. సరోతే నోరు మూసుకుంది. ఆమె చూపులో ఉన్నది కృతజ్ఞతో కోపమో తౌసియాకు అర్థం కాలేదు.

గోతిపొయ్యి తెరిచి పంది మాంసం, దుంపలు వడ్డించారు. అందరూ తిన్నాక పెళ్లికూతురి పిన్ని టీ తెచ్చింది. "మీ చెల్లెలికి పంచదార ఎంత?" అని అలవాటుగా సరోతేను అడిగింది. సరోతే నోరు తెరవబోయి, గభాలున చేత్తో మూసుకుంది. పిన్నికి ఏం చేయాలో తోచలేదు. చెంచా పట్టుకుని అలాగే నిలబడింది.

"నాకు పంచదార వద్దు" అంది తౌసియా.

"ఎప్పట్నుంచి?"

"ఎప్పుడూ ఇష్టం లేదు."

సరోతే టీ కప్పు దించి చెల్లెల్ని చూసింది. ఎండలో కూర్చోమన్నప్పుడు కూడా ఆమె ముఖం అంతగా మారలేదు. ఇన్నేళ్లూ ఆ ఇంట్లో టీలో పంచదార వేసిన చెయ్యి సరోతేదే.

పొద్దు సముద్రంలోకి దిగింది. ఆకత కోణంగికి ఇవ్వాల్సిన తెల్ల చాప, గుడ్డ తెచ్చి తౌసియా ముందు పరిచి, కర్ర తీసుకుంది. కర్ర చేతిలోంచి పోగానే తౌసియాకు చలేసినట్టయింది. ఇళ్లకు వెళ్లాల్సినవాళ్లు కూడా వెళ్లకుండా అటూ ఇటూ తచ్చాడుతున్నారు. సరోతే మొదటి మాట ఏమై ఉంటుందోనని అందరికీ ఆత్రంగా ఉంది. తిడుతుందని కొందరు, ఏడుస్తుందని కొందరు.

పెప్జే ఊరి పెద్దమనిషి ఒకాయన తువ్వాలు భుజాన వేసుకుని అక్కచెల్లెళ్ల దగ్గరికొచ్చాడు. మనిషి సరోతే ఎదురుగానే నిలబడ్డాడు. ఎవరైనా అక్కడే నిలబడతారు.

"మా అమ్మాయి పెళ్లి ఉందమ్మా. కోణంగిగా మీ చెల్లెలు వస్తుందా?"

తచ్చాడే కాళ్లన్నీ ఆగాయి. సరోతే టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. ఇంతసేపూ వాడని గొంతు బొంగురుగా వచ్చింది.

"నన్నెందుకు అడుగుతారు? అదిగో కూర్చుంది. దానికి నోరుంది."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉంది, ఇంకేదో కూడా ఉంది. తౌసియాకు తన చెవులను నమ్మబుద్ధి కాలేదు. పెద్దమనిషి ఇబ్బందిగా ఆమె వైపు తిరిగాడు. ఆమెను సూటిగా చూడటం ఆయనకు అలవాటు లేదు.

"వస్తావామ్మా?"

"వస్తాను" అంది తౌసియా.

"మరి నీతో ఇంకెవరైనా వస్తారా? చాపల దగ్గర కూర్చోడానికి..." ఆయన మాట పూర్తి చేయలేదు. ఆ పందిట్లో అది అడగకూడని ప్రశ్న అని సగంలో తెలిసినట్టుంది.

తౌసియా నోటి దాకా జవాబు వచ్చింది. వస్తుంది అనాలా, రాదు అనాలా, రెండూ సిద్ధంగానే ఉన్నాయి. ఆమె ఆ రెండూ మింగేసింది.

"అది అక్క ఇష్టం" అంది. "ఆమెనే అడగండి."

పెద్దమనిషి మళ్లీ సరోతే వైపు తిరిగాడు. సరోతే ఒళ్లోని టోపీ అంచు పట్టుకుని, ఏం చెప్పాలో ఆలోచించుకుంటూ చాలాసేపు కూర్చుంది. చీకటి పడుతోందని ఎవరూ ఆమెను తొందరపెట్టలేదు.