బావ బరువుకు బిగించిన స్ప్రింగు

మా బావ కారెక్కడం చూసి తీరాల్సిన ఘట్టం. ముందు పొట్ట ఎక్కేది, తర్వాత తీరిగ్గా బావ ఎక్కేవాడు. కారు ఎడమపక్కకు ఒరిగి రోడ్డుకు వంగి దండం పెట్టేది. ఆయనది వరంగల్ మార్కెట్లో మిర్చి వ్యాపారం. బస్తాలు తూచే కాంటా తప్ప ఇంకే కాంటా ఎక్కనని ఒట్టు పెట్టుకున్న మనిషి. మా అక్కను చేసుకున్న పాపానికి ఆదివారమొస్తే నాతో నర్సంపేట దాకా షికారు రావాల్సిందే. మమ్మల్ని దూరం నుంచి చూసే బజ్జీల బండ్లవాళ్లు మూకుట్లో కొత్త నూనె పోసుకునేవాళ్లు.

ఆయన బరువుకు కారు మలుపుల్లో మాట వినకపోతే, హన్మకొండ మెకానిక్ ఎత్తు మార్చుకునే షాకబ్జర్లు వేశాడు. స్ప్రింగు కింద ఒక రింగు ఉంటుంది. పైకి తిప్పితే ఆ మూల లేస్తుంది, కిందికి తిప్పితే దిగుతుంది. మనుషులు కూర్చున్నాకే ఎత్తు కొలవాలన్నాడు. బావను కూర్చోబెట్టి, ఎడమవైపు రింగులు ఆకాశానికి ఎక్కించి, చక్రం చక్రం దగ్గరా టేపు పెట్టి సమం చేశాడు. ఆ తర్వాత ఎంత మలుపు తిరిగినా గ్లాసులో చాయ్ తొణికేది కాదు. చాయ్ అప్పటికే బావ తాగేసి ఉండేవాడు, అది వేరే సంగతి.

పోయినేడు బావకు కడుపు ఆపరేషన్ అయింది. రోగం పోతూ పోతూ బావలో సగాన్ని వెంట తీసుకుపోయింది. మునుపటి ఒళ్లు ఇక రాదని డాక్టరు చెప్పేశాడు. దవాఖాన నుంచి వచ్చిన తర్వాత తొలి ఆదివారం ఆయన కారెక్కితే, ఎక్కాడో లేదో తెలియక పక్కకు తిరిగి చూశాను. కారు ఉలకలేదు. ఎడమ పక్క ఎత్తుగా, నా పక్క పల్లంగా ఉండిపోయింది. నర్సంపేట దారిలో ఎడమకు తిరుగుతుంటే కుడికి జారి, ఎదురొచ్చే లారీ మీసాలు గీకినంత పని చేసింది.

"రింగులు దించాలె అన్నా," అన్నాడు మెకానిక్, ఒరిగిన కారును చూసి.

"గిప్పుడే వద్దు," అన్నాడు బావ. "దసరా దాంక చూడు. మల్ల బరువెక్కుత."

డాక్టరు మాట మా ఇద్దరికీ తెలుసు. అయినా నేనూ వద్దన్నాను. ఆ రింగులు దించితే పాత బావ ఇక రాడని నా నోటితో నేనే చెప్పినట్టవుతుందనిపించింది.

అప్పుడు నా బుర్రలో ఒక మహత్తర ఉపాయం మెరిసింది. బావ వెనక సీట్లో మిర్చి బస్తా పెట్టాను. కారు సమమైంది. మా తుమ్ములకు మాత్రం అద్దాలు అదిరాయి, దారిన పోయే మేకలు మొహాలు తిప్పుకున్నాయి.

"ఏందిరా బామ్మర్ది," అన్నాడు బావ కళ్లు తుడుచుకుంటూ, "నన్ను తోల్కపోతానవా, బస్తను తోల్కపోతానవా?"

"నీ వెలితి పూడుస్తాన బావా."

"గదేం పూడుస్తదిరా? ఒక్క బజ్జీ తినదు, నిన్నొక్క తిట్టు తిట్టదు."

ఇద్దరం తుమ్ముకుంటూ నవ్వుకున్నాం. నవ్వు ఆగాక బావ వెనక్కి తిరిగి బస్తాను ఒకసారి తట్టాడు.

"బండి తిప్పు. మెకానిక్ తానకు పోదాం."

బస్తా దింపించి, తాను మాత్రం సీట్లోంచి కదల్లేదు. మెకానిక్ చక్రం పక్కన కూర్చుని రింగు కొద్దికొద్దిగా దించుతూ, "చాలా అన్నా?" అని నన్నడిగాడు.

"వాన్నడగకు తమ్మీ," అన్నాడు బావ. "వానికి పాత నేనే కావాలె. ఇగో, గిక్కడ కూసున్న గదా, నాకు సరిపోను దించు."

కారు మెల్లగా కిందికి దిగుతుంటే నేను రోడ్డు మీద ఆటోలను చూస్తూ నిలబడ్డాను.

తిరిగొస్తుంటే ఎడమ మలుపులో కారు గీత గీసినట్టు తిరిగింది. ఇదివరకు ఇలాంటి చోట బావ భుజం కొండలా వచ్చి నా మీద పడేది. జర అటు జరుగు బావా అని కసురుకునేవాణ్ని.

"మంచిగ పోతాంది గదరా," అన్నాడు బావ, తన సీట్లో తాను నిటారుగా కూర్చుని.

"మంచిగ పోతాంది," అన్నాను, నా భుజాన్ని కొంచెం అటువైపు జరుపుకుంటూ.