పద్దెనిమిది సాయంత్రాల బేరం

మంచి బేరం చేసి మనిషి ఎంత ఘోరంగా మునిగిపోవచ్చో తెలుసుకోవాలంటే నన్ను చూడండి. ఆర్మూర్‌లో పాత బండిని నా అంత చవగ్గా కొన్నవాడు లేడు, కొన్నాక నా అంత ఏడ్చినవాడూ లేడు. ముందే చెప్పేస్తున్నాను, నాకప్పటికి మోటార్‌సైకిల్ నడపడమే రాదు.

ఖమ్మం నుంచి ఆర్మూర్‌కి ఉద్యోగానికి వచ్చి, ఊరి పక్కనే ఉన్న పెర్కిట్‌లో గది తీసుకున్నాను. సాయంత్రం ఆఫీసు మూసేశాక నాతో మాట్లాడేది 'లోన్ కావాలా సార్' అని ఫోన్ చేసే అమ్మాయి ఒక్కతే. ఓసారి ఆమెతో పావుగంట కబుర్లు చెబితే, పాపం, ఆమే ఫోన్ పెట్టేసింది.

అలాంటి రోజుల్లో పక్క వీధిలో ఒక ఇంటి ముందు బండి, దాని మీద 'అమ్మబడును' అన్న అట్టముక్క కనిపించాయి. ఊరికే ఆగాను. ఇంటాయన బయటికొచ్చాడు. పేరు గంగారాం. దుబాయ్‌లో క్రేన్ నడుపుతాడట, సెలవు మీద వచ్చాడు.

"మంచిగ చూడుండ్రి సార్. జర కూసోండ్రి, చాయ్ తాగుదురు."

నాలుగు నెలల్లో నన్ను కూర్చోమన్న మొదటి మనిషి! కొననని చెబితే లేవాలి కదా? అందుకని నాడి చూసే వైద్యుడిలా టైరు నొక్కి, పెదవి విరిచాను. ఆయన నలభై ఐదు వేలన్నాడు. నేను ముప్ఫై అన్నాను.

"ముప్ఫైకి ఏమొస్తది తమ్మీ! రేపు రా, మాట్లాడుకుందం."

నాకు కావలసిందీ అదే. మర్నాడు వెళ్లి హారన్ గొంతు బాగాలేదన్నాను. ఆ మర్నాడు సీటు గట్టిగా ఉందన్నాను. గుమ్మంలో బీడీలు చుడుతూ ఆయన భార్య లక్ష్మి నవ్వేది.

"ఒక్క బండికి గిన్ని రోగాలా!"

గంటసేపట్లో బేరం ఐదు నిమిషాలు. మిగతాదంతా ఎడారి ఎండలు, పసుపు ధరలు, మా అమ్మ పెట్టే పచ్చళ్లు. ఆయన రోజుకింత దిగేవాడు. నేను మాత్రం ముప్ఫై దగ్గరే రాయిలా కూర్చున్నాను. పైకి కదిలితే బేరం కుదిరిపోతుందని భయం.

పద్దెనిమిదో సాయంత్రం గంగారాం, "సరే, ముప్ఫైకే తీస్కపో" అన్నాడు.

నేను గాభరాగా అందుకున్నాను. "అన్నా, బ్రేకులింకా చూడలేదు!"

"మంచిగున్నయ్."

"ఆలోచించుకుని రేపు..."

"రేపు యాడిది తమ్మీ? పొద్దుగాల్నే నా ప్రయాణం."

ఇంకేం చేస్తాను? ఫోన్‌లోనే డబ్బు పంపించి, బండిని నెట్టుకుంటూ బయల్దేరాను. ఎక్కవేమని గంగారాం అడిగితే, నడక ఒంటికి మంచిదన్నాను.

వీధి చివర ఒక రైతు తన బండి ఆపాడు. "పెట్రోల్ అయిపోయిందా?"

సిగ్గుతో అవునన్నాను. ఆ పుణ్యాత్ముడు తన బండిలోంచి అర సీసా తీసి పోసి, "కొట్టు కిక్!" అని ఎదురుగా నిలబడ్డాడు. కొట్టాను. బండెక్కేటప్పుడు కాలు తగిలి గేర్ పడిందని నాకేం తెలుసు? బండి తాడు తెంచుకున్న దూడలా ఎగిరి, ఎవరో ఆరబోసిన పసుపు కొమ్ముల్లోకి నన్ను విసిరికొట్టింది.

ఆ చప్పుడుకి గంగారాం పరుగెత్తుకొచ్చాడు. పెళ్లికొడుకులా పసుపు పూసుకుని పడి ఉన్నాను.

"నడపరాదా నీకు?"

"రాదన్నా."

"మరి పద్దెనిమిది దినాలు ఏం చూసినవ్?"

"చూడటానికి రాలేదన్నా. కాసేపు కూర్చోడానికొచ్చాను."

ఆయన నవ్వలేదు. నన్ను లేపి, నా చొక్కా దులుపుతూ నెమ్మదిగా అన్నాడు. "మొదటి దినమే ముప్ఫైకి ఇచ్చెటోణ్ని. ఇస్తే మల్ల రావని ఇయ్యలే. నాలుగేండ్లకు ఊరికొస్తే, నా దోస్తులంత ఆ దుబాయ్‌లనే ఉన్నరు. ఇక్కడ నాతోని ముచ్చట పెట్టెటోడే లేకపాయె."

మర్నాడు నేను లేచేసరికే ఆయన వెళ్లిపోయాడు.

అందుచేత సకల దేవతల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట మాట్లాడే మనిషి కావాలనిపిస్తే, ఏ వస్తువునూ బేరమాడను. ఎదుటివాడి గుమ్మం ముందు నిలబడి, "అన్నా, ఏమీ తోచడం లేదు, కాసేపు కూర్చోనా?" అని సూటిగా అడిగేస్తాను.

ముప్ఫై వేలకంటే అదే చవక.