నేను పెట్టించుకున్న ఒట్టు

ఈ సంగతి ఎవరికైనా చెప్పకపోతే ఇవాళ నాకు అన్నం సహించేలా లేదు, అందుకే ఇంటికొచ్చి చీరైనా మార్చుకోకుండా కూర్చుని రాస్తున్నాను. ఎల్బీ నగర్‌లో కొత్తగా కౌన్సెలింగ్ నేర్చుకుంటున్న ముప్పై మందికి ఈ పొద్దున నేను పాఠం చెప్పాను. నేను! మా ఇంట్లో నాకంటే ముందు డిగ్రీ చదివినవాళ్లు లేరు. మా అమ్మ వేలిముద్ర వేసేది. పెళ్లై ఇద్దరు పిల్లలు పుట్టాక నేను చదివి తెచ్చుకున్న పట్టాను ఆమె మడిచి బైబిల్లో పెట్టుకుని, ఆదివారం చర్చిలో పక్కన ఎవరు కూర్చుంటే వాళ్లకు తీసి చూపించేది. అలాంటి ఇంటి ఆడదాన్ని, చచ్చిపోవాలనిపిస్తోందని చెప్పే మనిషి ఎదురుగా ఎలా కూర్చోవాలో కొత్తవాళ్లకు నేర్పమని పిలిచారంటే, మీరే చెప్పండి, కాళ్లు నేల మీద నిలుస్తాయా?

ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి, ఒకరు కౌన్సెలర్‌గా, ఇంకొకరు కష్టం చెప్పుకోవడానికి వచ్చిన మనిషిగా మాట్లాడమన్నాను. పది నిమిషాలైనా కాలేదు, ఒక అమ్మాయి గబుక్కున ఎదుటి పిల్ల చెయ్యి పట్టుకుని తన నెత్తి మీద పెట్టుకుంది. “ఏం చేసుకోనని నా మీద ఒట్టు పెట్టు!” క్లాసంతా గొల్లున నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో టిఫిన్ సెంటర్ పైన ఉండే మా పాత కౌన్సెలింగ్ ఆఫీసు రెండు గదులు కళ్ల ముందుకొచ్చాయి.

మెట్రో స్తంభాలు ఇంకా లేని రోజులవి. రోడ్డుకు రెండు వైపులా కోచింగ్ సెంటర్ల బోర్డులు, సందు సందుకో హాస్టలు, కింద నుంచి ఎప్పుడూ దోసెల వాసన. పైకొచ్చి గంటసేపు ఏడ్చినవాళ్లు కూడా కళ్లు తుడుచుకుని, ఆకలవుతోందని సిగ్గుపడుతూ చెప్పేవాళ్లు. నేను అక్కడ కౌన్సెలర్‌గా చేరి ఏడాది కూడా కాలేదు. నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చి మూసారాంబాగ్ హాస్టల్లో ఉంటూ సర్కారు కొలువు పరీక్షలకు చదువుకునే ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చేది. మూడు వారాలు తలనొప్పి గురించే చెప్పింది. నాలుగో వారం, గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తూ, బతకాలని లేదక్కా అంది.

చదివినదంతా ఆ క్షణంలో ఎటు పోయిందో తెలియదు. గొంతు ఎండిపోయింది. మన ఇళ్లల్లో భయం వేసినప్పుడు ఏం చేస్తామో అదే చేశాను. ఆ పిల్ల చెయ్యి లాక్కుని నా తల మీద పెట్టుకుని, అలాంటి పని చెయ్యనని ఒట్టు పెట్టమన్నాను. పెట్టింది. నేను గెలిచాననుకున్నాను. ఇంటికెళ్లి, ఎవరు ఏమిటన్నది చెప్పకుండా, ఇవాళ ఒకరి చేత ఒట్టు పెట్టించుకుని ప్రాణం నిలబెట్టానని అమ్మతో గొప్పగా అన్నాను. చిక్కుడుకాయలు ఒలుస్తున్న అమ్మ చెయ్యి ఆపి చూసింది. “గట్లెందుకు చేసినవ్ బిడ్డా? మోయలేకనే గదా నీ తానకొచ్చింది. నువ్వింకో బరువెత్తితివి.” చదువుకోని అమ్మకు ఇవేం తెలుస్తాయిలే అనుకున్నాను.

తర్వాతి వారం ఆ అమ్మాయి రాలేదు. ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. మా పెద్ద మేడం గదిలోకి పరుగెత్తాను. ఆవిడ కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, మా అందరికీ పని నేర్పిన మనిషి. జరిగిందంతా చెప్పి, తిట్లకు సిద్ధపడి నిలబడ్డాను. ఆవిడ నన్ను కూర్చోబెట్టి, “ఆ మాట విన్నప్పుడు నీకెలా అనిపించిందమ్మా?” అని అడిగింది. భయమేసిందన్నాను. ఎక్కడ తెలిసిందా భయం అంటే గొంతు చూపించాను, చూపించగానే ఏడుపు తన్నుకొచ్చింది. ఊరుకో అనలేదు, ధైర్యం చెప్పలేదు, నా ఏడుపు తగ్గేదాకా అలాగే ఉంది. తర్వాత మెల్లగా, “మరి ఆ ఒట్టు ఎవరి భయం తగ్గడానికి పెట్టించుకున్నావు?” అంది. అప్పుడు అర్థమైంది, ఆ అమ్మాయికి నేను చెయ్యాల్సింది ఆవిడ ఇప్పుడు నాకు చేసి చూపించిందని. “మళ్లీ ఫోన్ చెయ్యి. నేనిక్కడే ఉంటాను. ఎత్తకపోతే ఇద్దరం కలిసి హాస్టల్‌కి వెళ్దాం.”

మూడోసారికి ఎత్తింది. ఒట్టు పెట్టించుకోవడం నాదే తప్పని, ఆ ఆలోచన మళ్లీ వచ్చినా తను చేసిన తప్పేమీ లేదని, ఆ ఆలోచనను వెంటబెట్టుకునే రమ్మని చెప్పాను. నేను చెప్పింది వదిలేసి ఆమె నన్నే అడిగింది.

“అక్కా, మీకేం గాలేదా?”

“నాకేమవుతుందిరా?”

“మల్ల గదే ఆలోచనొచ్చిందక్కా. ఒట్టు తప్పిన్నేమో, మీకేమన్న అయితదేమోనని పరేషానైన. మీకు పిల్లలున్నరు గదా. రోజు సాయంత్రం మీ ఆఫీసు ఎదురుంగ బస్టాపు కాడ నిలవడి, మీరు మెట్లు దిగుడు చూసి పోతున్న.”

తన ప్రాణం తనకు బరువైన పిల్ల, వారం రోజులు నా ప్రాణానికి కాపలా కాసింది.

గంటలో వచ్చింది. ఈసారి ఆమె చెయ్యి నా తల మీద పెట్టుకోలేదు, ఆమె కళ్లలోకి చూస్తూ, చచ్చిపోవాలనిపిస్తోందా అని తిన్నగా అడిగాను. ఆ మాట అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని అంతవరకూ నాకు లోపల జంకు ఉండేది. అడిగాక ఆమె భుజాలు దిగాయి, ఊపిరి వదిలింది, రెండు గంటలు మాట్లాడింది. ఆ ఆలోచన ముంచుకొచ్చినప్పుడు ముందు ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఎవరి దగ్గరికి పోవాలి, తన చుట్టూ ఏమేం లేకుండా చూసుకోవాలి, అన్నీ తన చేతి రాతతోనే ఒక కాగితం మీద రాసుకుంది. ఆమె సరేనన్నాకే చంపాపేట్‌లో ఉన్న పెద్దమ్మకు కబురు చేశాం. ఆ పెద్దమ్మ వచ్చి, “నా ఇంట్ల చోటు లేదా నీకు? దా, పో, బట్టలు సర్దుకో” అని కసురుతూనే ఆ పిల్లను హత్తుకుంది. ఒక్క రోజులో అయిన పని కాదిది, నెలలు పట్టింది. కొన్ని వారాలు ముందుకు, కొన్ని వారాలు వెనక్కి. కానీ ఆమె రావడం మానలేదు.

ఈ పొద్దున క్లాసులో ఇదంతా చెప్పి, చచ్చిపోవాలనిపిస్తోందా అన్న ఆ ప్రశ్నను ఒకరినొకరు పైకి అడగమన్నాను. మొదట గొణిగారు. తర్వాత ఒక్కొక్క గొంతే నిలబడింది. మా రోజుల్లో తలుపు వేసుకుని కూడా నోట రాని మాటను ముప్పై మంది వణుకు లేకుండా, ప్రేమగా అడుగుతుంటే నాకు ఒళ్లు పులకరించింది. క్లాసులో ఒట్టు పెట్టించుకున్న అమ్మాయి చివర్లో నా దగ్గరికొచ్చి, “మేడం, నాకు జర ఎక్కువ భయమైతది” అంది. భయం ఎక్కడ తెలుస్తుందని అడిగాను. నేను ఒకప్పుడు చూపించినట్టే, గొంతు చూపించింది.

ఈ కథ చెప్పడానికి నిన్న ఆ హాస్టల్ అమ్మాయినే ఫోన్‌లో అనుమతి అడిగాను. చెప్పమంది. “నా పేరు మాత్రం చెప్పకు అక్కా.” చెప్పనన్నాను. “ఒట్టా?” అంది. ఆ మాటకు ఇద్దరం కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వుకున్నాం.

ఇప్పుడు ఆ రెండు గదులు లేవు, ఆ మేడ పడగొట్టి సెల్‌ఫోన్ల దుకాణం కట్టారు. పట్టా దాచిన బైబిల్ నా దగ్గరుంది గానీ, దాన్ని తీసి పదిమందికి చూపించే మనిషి లేదు. ఉంటే ఈ వచ్చే ఆదివారం చర్చి దద్దరిల్లేది. తిరిగొస్తుంటే మెట్రో దిల్‌సుఖ్‌నగర్ మీదుగా వచ్చింది. కిటికీ అద్దానికి ఆనుకుని కిందికి చూశాను. బస్టాపు ఉన్న చోట ఇప్పుడో స్తంభం ఉంది. అక్కడ నిలబడి నేను బతికున్నానో లేదో రోజూ చూసుకుపోయిన పిల్ల, ఈపాటికి చంపాపేట్‌లోని ఒక బడిలో పిల్లల లెక్కల నోట్సులు దిద్దుతూ ఉంటుంది.