అల్మేరియాలో మనవాళ్ళెవరూ లేరు

ఫ్వెన్సాంత భర్త మొదెస్తో పోయిన రోజున మా ఇంట్లో వాళ్ళంతా కలిసి ఒక నిర్ణయానికి వచ్చారు. ఇకమీదట ఆమెను ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలకూడదు. మా ఇల్లంటే ఒక కుటుంబం కాదు. కోర్దోబాలో, ఒకే మండువా చుట్టూ నాలుగైదు కుటుంబాలు గదులు పంచుకుని బతికే పాత ఇల్లు. బావి ఒకటే, వీధి తలుపు ఒకటే. గోడల నిండా వేలాడే జెరేనియం కుండీలు అందరివీ. ఒకరింట్లో పాలు పొంగితే నలుగురు పరిగెత్తుతారు.

అనుకున్న మాట నిలబెట్టుకున్నారు. ఎదురు గది అరసేలి పొద్దున్నే కాఫీ పట్టుకొచ్చి, ఆమె తాగేదాకా ఎదురుగా కూర్చుంటుంది. మధ్యాహ్నం ఏ గదిలో గరిట చప్పుడైనా అక్కడ ఫ్వెన్సాంతకో కంచం పెట్టేస్తారు. పై మెట్ల దగ్గరి గది అసిస్క్లో, బ్యాండులో క్లారినెట్ వాయించి మానేసిన పెద్దమనిషి, సాయంత్రాలు ఆమెకు తోడుగా ఉండటానికి కుర్చీ తెచ్చుకుని ఆమె గుమ్మంలోనే నిద్రపోతాడు.

మొదెస్తో ఉన్నప్పుడు ఇలా ఉండేది కాదు. ఆయన రేడియో పక్కన కూర్చుంటే గంటలకొద్దీ నోరు విప్పేవాడు కాదు. ఆయన బతికి ఉన్నంతకాలం ఫ్వెన్సాంతకు ఏకాంతానికి లోటు లేదు. వితంతువయ్యాకే ఆ భాగ్యం పోయింది.

ఆమె జీవితమంతా నది ఒడ్డున ఉన్న ఒక హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేసింది. ఒంటరిగా దిగినవాళ్ళ గది ఏదో ఆమెకు చూడకుండానే తెలిసేది. ఆ గదినుంచి వచ్చే రెండు దిండు గలేబుల్లో ఒకదానిమీద ముడతే ఉండదు. అయినా ఉతికి ఇస్త్రీ చేయాలి, అది హోటలు పద్ధతి. ఆ ముడతపడని గలేబు చేతికొచ్చినప్పుడల్లా ఆమె ఒక్క నిమిషం ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి దాన్ని చూసేదట.

ఇక మే నెల. మా ఊళ్ళో మండువాల పోటీ జరిగే రోజుల్లో వీధి తలుపు తెరిచి ఉంచుతాం, ఎక్కడెక్కడి జనమో వరసగట్టి వచ్చి పూలు చూసి పోతారు. పోయిన మేలో ఒక విదేశీ ఆమె ఒక్కతే వచ్చి, బావి గట్టుమీద చాలాసేపు కూర్చుంది. మావాళ్ళకు ఆమె భాష రాదు కాబట్టి ఎవరూ ఏమీ అడగలేకపోయారు.

"పాపం, మొగుడు వదిలేసుంటాడు," అంది అరసేలి.

"జబ్బు మనిషేమో," అన్నాడు అసిస్క్లో.

ఆ విదేశీ ఆమె లేచి, చివికిపోయిన సంచీ భుజానికి తగిలించుకుని, ఎవరికీ చెప్పకుండా ఎటో వెళ్ళిపోతుంటే, ఫ్వెన్సాంత ఆమె నడిచినంత దూరం చూస్తూ నిలబడింది.

సెప్టెంబరు చివర్లో ఒక సాయంత్రం మండువాలో అందరం కుర్చీలు వేసుకుని ఉండగా ఫ్వెన్సాంత తన సంగతి బయటపెట్టింది.

"నేను రెండు రోజులు ఎక్కడికైనా వెళ్ళొద్దామనుకుంటున్నా. ఒక్కదాన్నే. ఏదో ఊరు చూసి, తిని, పడుకుని వచ్చేస్తా."

అరసేలి విసనకర్ర ఆగిపోయింది. "ఒక్కదానివేంటే? మేమేమన్నా అన్నామా నిన్ను?"

"ఎవరూ ఏమీ అనలేదు తల్లీ."

"డాక్టరు దగ్గరికా? నిజం చెప్పు."

"సముద్రం దగ్గరికి."

సముద్రం అనగానే అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి. మా ఊరికి సముద్రం లేదు, దాన్ని చూడాలనుకోవడం జబ్బు కిందికి రాదు.

"అయితే కాదిస్ వెళ్ళు," అంది అరసేలి. "మా అన్న కూతురు అక్కడే ఉందిగా. రెండు గదులు ఖాళీ. హోటల్లో దిగావని తెలిస్తే అది జన్మలో నాతో మాట్లాడదు."

"మరి మాలగ?" అంది ఫ్వెన్సాంత.

"మా తమ్ముడు!" అన్నాడు అసిస్క్లో. "స్టేషన్‌కి కారేసుకొస్తాడు. నిన్ను తిప్పందే వదలడు. వాడికి పనీపాటా లేదు."

"ఉవేల్వా?"

"మీ ఆయన పినతల్లి కొడుకులు అక్కడేగా ఉన్నది, మర్చిపోయావా? వాళ్ళింటికి వెళ్ళకపోతే మొదెస్తో ఆత్మ ఘోషిస్తుంది," అంది అరసేలి.

"గ్రనాదాలో సముద్రం లేదు గానీ, కొండలున్నాయి..."

అప్పుడు మా అమ్మ పైనుంచి తొంగిచూసి, గ్రనాదాలో మా పెద్దమ్మ ఉందని గుర్తుచేసింది. సెవియ్యా పేరు ఎవరూ ఎత్తలేదు. సెవియ్యా వాళ్ళకు ఇప్పటికే ఉన్న పొగరు చాలునని మా వీధిలో అందరి అభిప్రాయం.

ఫ్వెన్సాంత, ఏదో పప్పులో రాయి ఏరినట్టు, నెమ్మదిగా అంది. "అల్మేరియా?"

అరసేలి అసిస్క్లో వైపు చూసింది. అసిస్క్లో క్లారినెట్ వాయించిన ఊళ్ళన్నీ మనసులో తిరిగొచ్చి తల అడ్డంగా ఊపాడు.

"అల్మేరియాలో మనవాళ్ళెవరూ లేరే," అన్నాడు, చచ్చిపోయిన మనిషి గురించి చెబుతున్నట్టు.

ఫ్వెన్సాంత మొహం దీపం పెట్టినట్టు వెలిగింది.

మర్నాడు మా గదికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. "అమ్మాయ్, నీ ఫోనులో హోటళ్ళు దొరుకుతాయంట కదా. ఒకటి చూసిపెట్టు. కిందివాళ్ళకి వినపడకుండా."

చూస్తున్నాను. ఎంతమంది అని అడిగేచోట ఫోను దానంతటదే ఇద్దరని పెట్టుకుంది. పక్కనే తగ్గించే గుర్తు ఉంది.

"ఆగు, నేను నొక్కుతా," అంది. చూపుడువేలు తన గౌనుకు తుడుచుకుని, నొక్కింది. రెండు ఒకటైంది. ఇంకోసారి నొక్కింది. ఒకటి ఒకటిగానే ఉంది.

"ఇంకా తగ్గదు," అన్నాను.

"చాల్లే, చాలు," అంది నవ్వి.

ఆ తర్వాతి రోజులు ఆమె ఒంటరి ప్రయాణానికి ఇల్లంతా కలిసి సిద్ధమైంది. కుండీలకు నీళ్ళు పోసే పని అసిస్క్లో తీసుకున్నాడు. పైవరస కుండీలకు మా దగ్గర పొడుగాటి బొంగు చివర డబ్బా కట్టి పోస్తాం. ఆ డబ్బా ఎంత వంచాలో ఫ్వెన్సాంత చూపించబోతే, "నలభై మంది ముందు వేదికమీద వాయించినవాణ్ణి, డబ్బా వంచలేనా?" అని అలిగి, మొదటి డబ్బాడు నీళ్ళూ తన నెత్తిమీదే పోసుకున్నాడు. మా అమ్మ ఉన్ని కోటు ఇచ్చింది. అల్మేరియాలో అక్టోబరులో కూడా చెమటలు పడతాయని నేను చెప్పాను, కానీ ఒంటరివాళ్ళకు చలి ఎక్కువని అమ్మ నమ్మకం.

అరసేలి మాత్రం ఏమీ ఇవ్వలేదు. మౌనంగా తిరిగింది. అది మంచి సూచన కాదని మాకందరికీ తెలుసు.

బయల్దేరే రోజు బస్టాండుకి అందరం వెళ్ళాం. ఒక్కరూ లేకుండా పంపితే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? బస్సు కదలబోతుండగా అరసేలి కిటికీ దగ్గరికి వచ్చి, బంగాళదుంపల అట్టు పొట్లం లోపలికి అందిస్తూ చెప్పింది.

"నాకు కృతజ్ఞతలు చెప్పక్కర్లేదు. నిద్రపట్టలేదే నాకు, నిన్ను అలా దిక్కులేనిదానిలా పంపాలంటే. వెతికాను. దొరికింది!"

"ఏం దొరికింది?"

"మనిషి! నా కాళ్ళ ఆనెలు కోసే అమ్మాయి ఉందిగా, దాని వదిన చెల్లెలు. అల్మేరియాలోనే కాపురం. ఇందలేసియా పేరు. బంగారంలాంటి మనిషంట. నీ పేరు రాసిన అట్టముక్క పట్టుకుని బస్సు దగ్గరే నిలబడుతుంది. మన ఫోటో కూడా పంపించా. రెండు రోజులూ నీ చెయ్యి వదలదు!"

ఫ్వెన్సాంత ఏదో అనబోయింది. బస్సు కదిలిపోయింది. మేమందరం చేతులు ఊపాం.

ఇక్కడినుంచి జరిగింది ఆమె నా ఒక్కదానికే చెప్పింది, అదీ చాలా రోజులకు.

దారిపొడవునా ఆలివు తోటలు చూస్తూ ఆమె ఒకటే ఆలోచించింది. రెండు రోజులు. జీవితంలో రెండే రెండు రోజులు అడిగింది. వాటిని కూడా ఎవరో ముక్కూమొహం తెలియని ఇల్లాలి వంటింట్లో, "ఇంకొంచెం వడ్డించనా" అనే మాటల మధ్య గడపాలా? అలాగని, తనకోసం నిలబడ్డ మనిషిని కాదని వెళ్ళిపోతే, కోర్దోబాలో ఇక మొహం చూపించగలదా?

అల్మేరియాలో దిగేసరికి మధ్యాహ్నం దాటింది. అట్టముక్క కనిపించింది. దానిమీద తన పేరు, గుడి పండగకు రాసినంత పెద్ద అక్షరాల్లో. పట్టుకున్న మనిషి పొట్టిగా, కాస్త బొద్దుగా, చెమటలు కక్కుతూ ఉంది. ఇంకో చేతిలో ఫోను. దిగినవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే ఫోటోతో పోల్చుకుంటోంది. ఫ్వెన్సాంత వైపు చూసింది. చూసి, పక్కమనిషి వైపు తిరిగింది.

ఫ్వెన్సాంతకు వెంటనే అర్థమైంది. ఏ ఫోటోనో ఆమెకు తెలుసు. మా మండువాకు బహుమతి వచ్చిన ఏడాది తీసింది. ఏడాదంతా కుండీలకు నీళ్ళు పోసింది ఫ్వెన్సాంతే, కానీ ఫోటోలో నిండుగా ముందు నిలబడింది అరసేలి. ఫ్వెన్సాంత ఉన్నచోట ఒక జెరేనియం, దాని వెనక ఒక మోచెయ్యి కనిపిస్తాయి.

గేటు దాకా నడిచింది. ఎండలో వీధి కనిపిస్తోంది, దాని చివర సముద్రపు వాసన. ఇంకో అడుగు వేస్తే చాలు. వెయ్యలేకపోయింది. వెనక ఒక మనిషి తన పేరు పట్టుకుని నిలబడి ఉంది. వెనక్కి వచ్చి ఆమె పక్క బల్లమీద కూర్చుంది.

"ఎవరికోసమో చూస్తున్నట్టున్నారు?"

"కోర్దోబానుంచి ఒకావిడ అండీ," అంది ఇందలేసియా. "మొగుడు పోయాడంట. మతి కూడా కాస్త చలించిందేమోనని వాళ్ళ అనుమానం, ఒక్కతే తిరుగుతానంటోందంట."

"అయ్యో. మీకు బాగా దగ్గరి మనిషా?"

"ఎక్కడి దగ్గర! ఎవరో కాళ్ళ ఆనెలు కోయించుకుంటే చుట్టరికం నా మీద పడింది."

"మీకు చాలా ఇబ్బంది."

ఇందలేసియా అటూ ఇటూ చూసి బల్లమీద దగ్గరగా జరిగింది. "ఇబ్బందా? ఇంట్లో మొగుడు, మామగారు, ఇద్దరు ఎదిగిన కొడుకులు. ఉప్పు ఎక్కడుందో ఒక్కడికీ తెలీదు. రెండు రోజులు అతిథిని తిప్పాలని చెప్పి, కుండెడు పప్పు వండి పడేసి వచ్చా. ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి నన్ను ఎక్కడున్నావని అడక్కపోవడం." గొంతు ఇంకా తగ్గించింది. "నిజం చెప్పనా? ఆవిడ రాకపోతే బాగుండునని పొద్దుటినుంచి మొక్కుకుంటున్నా. పాపం తగులుతుందేమో."

"ఆ ఫోటో ఒకసారి చూపించండి."

అరసేలి ఫోనులోంచి పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది. ఫ్వెన్సాంత ఆ మొహంమీద వేలు పెట్టి, తీరిగ్గా, నిజమే చెప్పింది. "నేనూ ఆ బస్సులోనే వచ్చాను. ఈవిడ మాత్రం ఎక్కలేదు."

"ఒట్టు?"

"ఒట్టు. కావాలంటే దేవుడిముందు చెబుతా."

ఇందలేసియా అట్టముక్కను మడతపెట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆగింది. "మా ఇంట్లో వచ్చిందనే చెబుతా. మరి ఆవిడ అక్కడ రాలేదని చెబితే?"

"చెప్పదు లెండి."

"మీకెలా తెలుసు?"

ఇందలేసియా ఫ్వెన్సాంత చిన్న పెట్టె వైపు చూసింది. ఆ ఎండలో చేతిమీద వేసుకున్న ఉన్ని కోటు వైపు చూసింది. అట్టు పొట్లం వైపు చూసింది.

"ఒక్కరే వచ్చారా?" అంది.

"ఆ."

"మంచిది," అంది ఇందలేసియా. పేరు అడగలేదు. సంచీలోంచి ఒక డబ్బా తీసి ఫ్వెన్సాంత ఒళ్ళో పెట్టింది. "ఆవిడ కోసం కూరిన మిరపకాయలు చేశా. ఇప్పుడు ఎవరో ఒకరు తినాలిగా."

అలా ఫ్వెన్సాంత ఎవరూ తోడు లేకుండా, ఒక పొట్లం, ఒక డబ్బాతో, అల్మేరియా వీధుల్లోకి నడిచింది. ఒకామె ఇటు వెళ్ళింది, ఒకామె అటు.

ఆ సాయంత్రం ఆమె రేవు దగ్గరి ఒక బారులో మూల బల్ల చూసుకుని కూర్చుంది. వడ్డించేవాడు "ఎంతమంది?" అంటే "ఒకరు" అంది. ఆ మాట బయటికి చెప్పడం అదే మొదలట. వైను గ్లాసు వచ్చింది, దాంతోపాటు వేయించిన చేపలు. రెండో గుక్క తాగుతూ తలెత్తితే అవతలి చివర ఇంకో మూల బల్ల, ఇంకో గ్లాసు, ఇందలేసియా. ఇద్దరూ గ్లాసులు కొంచెం పైకెత్తారు. ఎవరూ లేవలేదు.

మూడో రోజు మా మండువాలో అందరూ ఆమె చుట్టూ మూగారు. పై వరస జెరేనియాలు వాడిపోయి వేలాడుతున్నాయి, అసిస్క్లో అటు చూడనివ్వకుండా అడ్డంగా నిలబడ్డాడు.

"ఇందలేసియా బాగా చూసుకుందా?" అంది అరసేలి.

"అంత బాగా నన్నెవరూ చూసుకోలేదు," అంది ఫ్వెన్సాంత.

"నాకు తెలుసు! ఆవిడా అదే చెప్పి పంపింది. చాలా నెమ్మదస్తురాలంట నువ్వు, ఎంత పెడితే అంత తిన్నావంట. నేను లేకపోతే ఏమైపోయేదానివే నువ్వు?"

ఆ కబురు చుట్టరికంగా మారడానికి ఎంతోకాలం పట్టలేదు. ఈ ఏప్రిల్‌లో కాళ్ళ ఆనెల అమ్మాయి ద్వారా ఇంకో కబురు వచ్చింది. ఇందలేసియా మేలో రెండు రోజులు కోర్దోబా వస్తానంటోంది, ఆ మంచిమనిషి ఫ్వెన్సాంతను మళ్ళీ చూడాలని ఉందట.

అరసేలి వెంటనే దుప్పట్లు ఎండబెట్టింది. "స్టేషన్‌కి నేనూ వస్తా. అట్టముక్క నేనే పట్టుకుంటా. నన్ను ఫోటోలో చూసిందిగా, దూరంనుంచే గుర్తుపడుతుంది."

ఫ్వెన్సాంత బొంగు చివర డబ్బాను పై వరస కుండీలోకి జాగ్రత్తగా వంచుతోంది. నీళ్ళన్నీ పడేదాకా తల తిప్పలేదు.

"పోటీ రోజులే అరసేలీ," అంది. "నువ్వు కూడా వచ్చేస్తే, జనం ఫోటోలు తీసుకోవడానికి ముందు ఎవరు నిలబడతారే?"

అరసేలి విసనకర్ర ఊపుతూ కాసేపు ఆలోచించింది.

"అదీ నిజమేలే," అంది. "ఒక్కదానివే వెళ్ళొస్తావా మరి?"