కళ్ళు మూసుకుని చదివిన అట్ట

సహోదరులారా, సహోదరీలారా, నేను చెప్పబోయే ప్రతి మాటా సత్యమని ఈ బల్ల మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను. వెనక చాపల మీద నవ్వుతున్నవారిని కూడా సాక్షులుగానే ఎంచుకుంటున్నాను. నా కోతలు మీకు కొత్త కాదు గనక ఈసారి కాగితం మీద రాసుకుని మరీ వచ్చాను.

నా చీకటి కాలం చిన్నప్పుడే మొదలైంది. పాలకొల్లు దగ్గర మా ఊళ్ళో పది అడుగుల అవతల నిలబడింది మా మేనత్తో మా గేదో నాకు తెలిసేది కాదు. ఒకసారి గేదెకు వందనాలు చెప్పి, అది బదులు పలకకపోతే అత్తకు నా మీద కోపం వచ్చిందని రెండు రోజులు అన్నం మానేశాను. చూపు లేదని తెలిస్తే ఎందుకూ పనికిరాడంటారని భయపడి, కనపడనివన్నీ కనపడ్డాయని చెప్పడం అలవాటు చేసుకున్నాను. కన్ను చేయలేని పని నాలుక చేయసాగింది, జనం నమ్మేకొద్దీ అది బలిసింది.

అలాంటి నన్ను దేవుడు ఎక్కడికి పంపాడనుకున్నారు? రాజమహేంద్రవరం మిషను ఆసుపత్రికి, కంటి వైద్యం నేర్చుకోవడానికి! అక్కడి డాక్టరు దొరగారు చూపు పరీక్ష కోసం ఒక అట్ట మీద పరలోక ప్రార్థనను గుమ్మడికాయంత అక్షరాలతో మొదలుపెట్టి, ఆవగింజంత అక్షరాలతో ముగించి గోడకు తగిలించారు. దూరం నుంచి చదవమన్నారు. నాకు అట్ట సరే, గోడే ఆనలేదు. అయినా ఆదివారపు బడిలో నేర్చింది నోట్లో ఉంది గనక చివరి ఆమేన్ వరకు ఆగకుండా అప్పజెప్పాను. గద్ద చూపని మెచ్చుకుని దొరగారు నన్ను చేర్చుకున్నారు. ఏడాది పాటు కంటి పొరల సంగతీ అద్దాల సంగతీ పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుని చదివాను, మందు సీసాలను వాసనతో పోల్చుకున్నాను. ఇంకొక్క నెలలో పరీక్ష. నెగ్గితే దొరగారి దగ్గర ఉద్యోగం, నిజం బయటపడితే తిరుగు పడవ.

అప్పుడు వచ్చారు మన మరియమ్మగారు. అక్షరం రాకపోయినా వాక్యమంతా నోటికి వచ్చిన మనిషి. చూపు మసకగా ఉందంటే, నేను అట్ట పక్కన బెత్తం పట్టుకుని నిలబడి, "పరలోక ప్రార్థనండి, కానివ్వండి" అన్నాను. ఆ పేరు చెవిన పడితే మనవాళ్ళకు చేతులు జోడించడం, కళ్ళు మూసుకోవడం అలవాటే కదా. అంత దూరంలో ఆమె కళ్ళు మూసుకున్నారో తెరిచారో నాకేం తెలుసు? ఆమె తడుముకోకుండా ఆమేన్ దాకా చెప్పారు, చూపు దివ్యంగా ఉందని నేను చీటీ రాసిచ్చాను.

మర్నాడు ఉదయం ఆమె ఊరికి పడవ ఎక్కబోతూ, చెక్క మీద వేయవలసిన అడుగు కాలవలో వేశారు. పడవవాళ్ళు కొప్పు పట్టి లాగారు. తడి చీరతోనే ఆసుపత్రికి వచ్చి నా ఎదుట నిలబడ్డారు.

"బాబూ, నిన్న నేను కళ్ళు మూసుకునే కదా ప్రార్థన చేసింది. నీక్కనపళ్ళేదా?"

"కనపడిందండి. భక్తి అనుకున్నానండి."

"భక్తి కాలవలో పడింది. ఇప్పుడు నేను చూపించే వేళ్ళెన్నో చెప్పు."

"అయిదండి."

"చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను నాయనా."

మందుల గదిలోకి వెళ్ళి మోకరించాను. "ప్రభువా, నా మూలంగా ఈ తల్లి చూపు పోనివ్వకు. ఉద్యోగం పోతే పోయింది, నిజం చెప్పే నోరివ్వు" అని ప్రార్థించి, లేచి, నా అంతట నేనే దొరగారి దగ్గరకు నడిచి వెళ్ళి అంతా ఒప్పుకున్నాను.

దొరగారు అద్దాల పెట్టె తెరిచి నా కళ్ళ ముందు ఒక్కొక్క అద్దమే మారుస్తూ వచ్చారు. ఏడో అద్దంతో, సహోదరులారా, కిటికీలోంచి గోదావరి అవతలి గట్టు కనపడింది, కొవ్వూరు రేవులో స్నానం చేస్తున్న మనిషి కనపడ్డాడు, అతని మీసం మీద చీమ, ఆ చీమ నోట్లో పంచదార పలుకు కనపడ్డాయి! నేను ఏడుస్తుంటే దొరగారు, "చూపు లేని బాధ తెలిసినవాడే ఈ పనికి కావాలి. ముందు ఆ అట్ట తీసెయ్యి" అన్నారు.

దాని బదులు నేను చేపలు గీశాను, పైన పెద్ద చేపలు, కిందికి వచ్చేసరికి చిత్తపరిగెలు. తోక ఎటుందో చేత్తో చూపితే చాలు. దాన్ని నోటికి నేర్చుకున్నవాడు ఈ గోదావరి ఒడ్డున ఇంకా పుట్టలేదు. మరియమ్మగారికి అన్నిటికన్నా పెద్ద చేపే కనపడలేదు. దొరగారు ఆమె రెండు కళ్ళకూ పొర తీశారు. నేను పరీక్ష నెగ్గి, ఆనాటి నుంచి ఈనాటి వరకు అదే పని చేసుకుంటున్నాను.

ఇక్కడితో ముగిద్దామనుకున్నాను గాని, ముందు చాప మీద మరియమ్మగారు కళ్ళజోడు సర్దుకుని నా వైపే చూస్తున్నారు. కాబట్టి ఒప్పుకుంటున్నాను. చీమ సంగతి అలా ఉంచండి. నా అంతట నేనే దొరగారి దగ్గరకు నడిచి వెళ్ళానన్నది కల్పన. మందుల గదిలోకి వెళ్ళింది కిటికీ దూకి పారిపోదామని. తీరా అది కిటికీ కాదు, అద్దాల బీరువా. మరియమ్మగారు తడి చేత్తో నా చెవి పట్టుకుని వసారా పొడవునా నడిపించి దొరగారి ముందు నిలబెట్టారు. ప్రార్థన మాత్రం నిజమే, అది దారిలో చేశాను.

మీలో ఎవరి చెవినైనా దేవుడు అలా పట్టుకుంటే గింజుకోకండి, ఆయనను నమ్మి వెంట నడవండి. మహిమ ఆయనది, వేళ్ళు మరియమ్మగారివి.