ఈరమ్మ పోసిన దుమ్ము

ఒక మాట నాలో ఏళ్ళ తరబడి దిగబడి ఉంది. మీకు చెప్పుకుంటాను. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే మా వీధి టీచరమ్మ రాస్తోంది. నా ఆడబిడ్డ ఈరమ్మ నా మొగుణ్ణి చంపిందని మా ఊరంతా అనుకుంది. కాదని నాకు తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను.

గొడవ నాతోనే మొదలైంది. ఉగాదికి చెల్లెలికి చీర పెడదామని ఆయన అంటే, పంట లేదని నేను పెట్టనివ్వలేదు. అదే పండక్కి నేను మాత్రం కొత్త చీర కట్టుకున్నాను. ఈరమ్మ చూసింది. మా వాకిట్లోకి వచ్చి, రెండు చేతులా దుమ్మెత్తి పోసి, నోటికొచ్చినట్టు తిట్టి పోయింది. కొద్ది రోజులకే ఆయన వేరుశనగ చేలో కళ్ళు తిరిగి పడ్డాడు. దుమ్ము తగిలిందన్నారు జనం. నేనూ అన్నాను. అప్పుడు నిజంగానే నమ్మాను.

ఆలూరు డాక్టరు బెంగుళూరికి పంపాడు. అక్కడ ఆయన్ను గుహలాంటి మిషన్లోకి తోశారు. కోయకుండానే గుండె కండను ఫోటో తీస్తుందట. తర్వాత అక్కడి డాక్టరు, అనంతపురం వైపు మనిషి, నన్ను ఒక్కదాన్నే పిలిచి తెర మీద చూపించాడు. ఆయన గుండె నా కళ్ళ ముందు ముడుచుకుంటోంది, తెరుచుకుంటోంది. అంత కాపురం చేసి, దాన్ని అప్పుడే చూశాను.

"ఈ గోడ చూడమ్మా, ఎంత లావెక్కిండాదో. తెల్లగా ఉండేదంతా కండ చచ్చి మచ్చ కట్టింది. శానా ఏండ్ల జబ్బు."

"దుమ్మెత్తి పోస్తే వస్తాదా సారూ?"

డాక్టరు నవ్వలేదు. "తిట్లకు గుండె లావెక్కితే మన పక్క ఊర్లల్లో ఎవురూ మిగలరు తల్లీ. ఇది రక్తంలో వస్తాది. మీ ఆయనకు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లు ఉండారా? వాళ్ళకూ చూపియ్యాల."

"ఎవురూ లేరు సారూ."

ఎందుకన్నాను? భయమా? పగా? నిజం బయటపడితే ఈరమ్మ మీద తప్పుండదు, చీర ఆపిన నేనొక్కదాన్నే తప్పుదాన్నై మిగులుతానని నాకు అంత తొందరగా ఎలా తోచిందో, ఇప్పటికీ నా మనసును చూస్తే నాకే భయం. ఆయన ఆ చలికాలంలో పోయాడు. శవం దగ్గరికి ఈరమ్మను రానివ్వకుండా జనం అడ్డుపడ్డారు. అన్నను చివరిసారి ముట్టనివ్వలేదు. నేను ఒక్క మాట అంటే ఆగేవాళ్ళు. తల వంచుకుని ఏడుస్తూ కూర్చున్నాను.

ఆమె మాత్రం నాకు జ్వరమొస్తే జొన్నరొట్టె, పప్పు తెచ్చి గడప బయట పెట్టి పోయేది. లోపల అడుగు పెడితే కీడంటారని. నేను తిన్నాను. ఆ రొట్టెలతోనే లేచి తిరిగాను.

మొన్న ఎండాకాలం కొళాయి దగ్గర ఈరమ్మ బిందె దించి, రొమ్ము పట్టుకుని కూలబడింది. ఆయనా అట్లాగే కూలబడేవాడు. అందరి ముందూ చెప్పేశాను. దుమ్ము కాదు, రక్తంలో జబ్బు, డాక్టరు చెప్పినా నేనే దాచాను అని. ఆమె నన్ను కొట్టలేదు.

"ఇన్నేండ్లా వదినా?" అంది. అంతే.

ఆమెను అదే బెంగుళూరికి తీసుకుపోయాం. మిషన్లోకి పోయే ముందు ఒంటి మీద బంగారం, ఇనుము ఏదీ ఉండకూడదన్నారు. ఆమె మెడలో పసుపు కొమ్ము దారం కట్టుకుని, తాళి తీసింది. ఆమె మొగుడు కింద మందుల వరసలో ఉన్నాడు. ముండమోసినదాని చేతికి తాళి ఎవరిస్తారు? నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"పట్టుకో. ఈడ ఇంకెవురుండారు ఇచ్చేకి?" అంది, నా ముఖం చూడకుండా.

కండ లావెక్కింది గానీ మచ్చలింకా పడలేదు, మాత్రలతో కాపాడుకోవచ్చన్నారు. ఆ మిషన్‌కు, ఆ డాక్టరుకు, నాకు రొట్టె పెట్టిన ఆ చేతులకు రోజూ మొక్కుతాను. ఆమె నాతో మాట్లాడటం లేదు. మాట్లాడమని అడిగే మొహం నాకు లేదు. కానీ ఆమె ఉంది. ఊళ్ళో తిరుగుతోంది. నేను చెప్పేశాను. ఇదే నాకు శానా ఎక్కువ.