డిసెంబరు పదిహేనున మాస్టారితో కారొనేషన్ పార్కుకి

అందుకే అంటాను, తేదీలు మరీ గుర్తుండే మనుషులతో వేగడం కష్టమని. మా సత్యం మాస్టారు ఊరి బడిలో మాకు సోషల్ చెప్పారు. రోజూ ప్రార్థనలో "ఈ రోజు చరిత్రలో ఏం జరిగింది?" అని అడిగేవారు. చెప్పలేనివాడి అరచేతి మీద బెత్తం చరిత్ర సృష్టించేది. ఇప్పుడు ఆయనకు ఎనభై రెండేళ్లు. గుండెలో కవాటం మార్పించుకోవడానికి ఢిల్లీ వసంత్ కుంజ్‌లో ఉన్న కూతురు పద్మ ఇంటికి వచ్చారు. డిసెంబరు పదిహేను మధ్యాహ్నం ఒంటిగంటలోగా ఆసుపత్రిలో చేరాలి, మర్నాడు ఆపరేషన్. ఇది తప్పితే మళ్లీ నెల తర్వాతే, అన్నాళ్లు ఆగితే ప్రమాదమని డాక్టరు ముందే చెప్పాడు. పద్నాలుగు సాయంత్రం మాస్టారు చేరనన్నారు.

"ఉక్కుమనిషి పోయింది పదిహేనున. రెండేళ్లకి మన రాష్ట్రం కోసం యాభై ఎనిమిది రోజులు పస్తుండి అమరజీవి పోయిందీ పదిహేనునే. అంతటివాళ్లనే వదల్లేదు ఆ రోజు. నేనెంతరా, రాంబాబూ?"

పద్మ వంటగదిలోకి వెళ్లి కళ్లు తుడుచుకుంది. నేను తెలివి ఉపయోగించాను. "పంతొమ్మిది వందల పదకొండులో అదే రోజున కొత్త ఢిల్లీకి శంకుస్థాపన చేశారు కదండీ. ఆ చోటు చూపిస్తాను. చూశాక మీ ఇష్టం."

పొద్దున ఎనిమిదిన్నరకు క్యాబ్ ఎక్కాం. వసంత్ కుంజ్ నుంచి బురాడీ దారిలోని కారొనేషన్ పార్కుకు ఏడు వందల లోపే అయింది. మంచువల్ల ముందు బండి వెనక దీపాలు తప్ప ఏమీ కనబడలేదు. గంటలో చేరాల్సింది, రెండు గంటలు పట్టింది. మాస్టారు మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటుంటే, నేను వాచీ చూసుకుంటూ కూర్చున్నాను.

పార్కుకు టికెట్ లేదు. తెల్లదొరల రాతి విగ్రహాలున్నాయి, కొన్ని దిమ్మెలు మా ఆఫీసులో పోస్టుల్లా ఖాళీగా ఉన్నాయి. మధ్యలో ఎత్తయిన స్తంభం, దానికి మెట్లు. డ్రైవర్ ఒక చెయ్యి, నేనొక చెయ్యి పట్టుకుని మెట్టుకోసారి ఆగుతూ ఎక్కించాం. మాస్టారి పెదాలు నల్లబడ్డాయి.

"కళ్లజోడు కార్లో ఉండిపోయింది. ఆ పలక నువ్వు చదువు."

పలక మీద ఉన్నది డిసెంబరు పన్నెండు. "పదిహేను" అని చదివాను.

"చెయ్యి చాపు."

యాభై ఆరేళ్ల సెక్షన్ ఆఫీసర్ని, చాపాను. రెండు వేళ్లతో ఒకటి వేశారు. "పన్నెండున బ్రిటిష్ రాజు దర్బారు. ఇది దాని స్తంభం. పదిహేనున పునాదిరాళ్లు ఈ చుట్టుపక్కలే వేశారు. తర్వాత ఈ చోటు పనికిరాదని వాటిని పెకలించి రైసీనా కొండకి తీసుకెళ్లారు. చూశావా? ఆ రోజు వేసిన రాయి కూడా నిలవలేదు."

నేను తెచ్చిన ఒక్క సాక్ష్యమూ ఆయన పక్షానికి వెళ్లిపోయింది. టైము పదకొండు. డ్రైవర్ "క్యా హువా, అంకుల్‌జీ?" అని ఏమైందో నన్నడిగితే హిందీలో అంతా చెప్పాను. అతను మాస్టారి వైపు తిరిగాడు.

"పత్థర్ హటా తో క్యా హువా, బాబూజీ? దిల్లీ తో ఖడీ హై నా! ఆధీ తో జామ్‌మే ఖడీ హై."

మాస్టారికి హిందీ అంతంతమాత్రం. "రాయి మారిస్తే ఏమైంది, ఢిల్లీ నిలబడే ఉంది కదా, సగం ట్రాఫిక్‌లో నిలబడి ఉంది అంటున్నాడండీ" అన్నాను. ఆయన ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నారు.

"ఇక్కడా అంతేగా. పాతది తీసి కొత్తది పెడతానన్నాడు డాక్టరు." మెట్టు వైపు చూశారు. "దించండర్రా. ఒంటిగంట దాటితే చేర్చుకోరు."

పన్నెండూ యాభైకి కౌంటర్ దగ్గరున్నాం.

ఇది పదహారున, ఆపరేషన్ గది బయట బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. పక్కన పద్మ మూడు గంటలుగా ఒకే టీ కప్పు పట్టుకుని ఉంది. ఏ తేదీని తిరగేసినా ఎవరో ఒకరు పోయి ఉంటారు, ఏదో ఒకటి మొదలై ఉంటుంది. మాస్టారు మాకు రెండూ చెప్పారు. భయమేసినప్పుడు ఒకటే గుర్తొస్తుంది కాబోలు.

వెళ్లేవాళ్లకు ఒక మాట. మెట్రోలో అయితే యెల్లో లైన్‌లో జి.టి.బి. నగర్‌లో దిగి ఈ-రిక్షా ఎక్కండి. డిసెంబరులో మంచుకని ఒక గంట అదనంగా పెట్టుకోండి, పెద్దవాళ్లుంటే క్యాబ్‌ని ఆపి ఉంచుకోండి, ఎందుకంటే తిరుగు బండి అక్కడ

"అన్నయ్యా, లే, నాన్న కళ్లు తెరిచారట!"